టవర్ కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం మరో ఎత్తు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి ఏటేటా సున్నాలు వేయించి, కారే చోట అతుకులు పెట్టించి, చెదలు పట్టకుండా కాపాడుకోవడం ఎంత కష్టమో మాత్రం ఏ సామెతా చెప్పదు. కట్టేటప్పుడు నలుగురూ వస్తారు, కొబ్బరికాయ కొడతారు, ఫొటోలు దిగుతారు. ఆ తర్వాతి పనంతా చడీచప్పుడూ లేకుండా ఇల్లాలి ఖాతాలో పడిపోతుంది. అక్వేరియం తెచ్చినా అంతే, కుక్కపిల్లని తెచ్చినా అంతే. మా పెరట్లో లేచిన 40 అడుగుల ఇనప టవరూ అంతే.

టవర్ అనగానే సెల్ టవర్ అనుకోకండి. మావారికి హామ్ రేడియో సరదా. అంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, ఢిల్లీలోని కమ్యూనికేషన్ల శాఖ నుంచి లైసెన్సు తెచ్చుకుని, తనకిచ్చిన గుర్తు పేరుతో సొంత రేడియో మీద ప్రపంచంలో ఇలాంటి లైసెన్సున్న వాళ్ళతో మాట్లాడుకోవడం. మన దేశంలో ఆ గుర్తు పేర్లు ఎక్కువగా వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. దీంతో వ్యాపారం చేయకూడదు, పాటలు వేయకూడదు. ఫోన్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా, ఒక తీగ, ఒక పెట్టె సాయంతో జపాన్‌లో ఉన్నవాడు పలికితే వచ్చే ఆనందమే దీనికి ఫలం. నేను దాన్ని వెక్కిరించను. తెలుగు బి.ఏ. చదివి ఇప్పటికీ పాత వారపత్రికలు దాచుకునే నేను ఇంకొకరి పిచ్చిని ఏమనగలను?

నేను చెప్పదలుచుకున్నది వేరు. పెరట్లో టవర్ లేవడం మగవాళ్ళ సరదా సంగతి కాదు, ఇంటి సంగతి. దాని కింద రోజంతా తిరిగేది ఎవరో వాళ్ళని అడక్కుండా గొయ్యి తవ్వకూడదు. వాళ్ళకి ఆ హాబీ మీద ఇష్టం ఉందా లేదా అన్నది అక్కర్లేని ప్రశ్న. నాకు లైసెన్సు లేదు, మైకు పట్టుకోవాలన్న కోరికా లేదు. అయినా ఆ టవర్ విషయంలో నాకు ఓటుంది.

ముందే అడిగితే ఎంత తేలిగ్గా పోతుందో చెబుతాను. ఇలాంటి సన్నటి టవర్ తనంత తాను నిలబడదు, మూడు వైపులా స్టే వైర్లు లాగి కట్టాలి. మూడూ సమాన దూరంలో, చుట్టూ గీసిన వలయాన్ని మూడు ముక్కలు చేసినట్టు ఉండాలి. ఒక్కో వైరూ టవర్ మొదలుకి పాతిక, ముప్ఫై అడుగుల దూరంలో భూమిలో పాతిన లంగరుకి కట్టాలి. అంటే టవర్ ఆక్రమించేది ఒక గజం నేల కాదు, మొత్తం పెరడు. మావారు కాగితం మీద గీసిన మూడు లంగర్లలో ఒకటి సరిగ్గా మా అత్తగారు వేసిన జామచెట్టు మొదట్లో పడింది. ఆ కాగితం నాకు చూపించారు కాబట్టి త్రిభుజం మొత్తాన్ని కాస్త పక్కకి తిప్పితే చెట్టు బతికింది. కాగితం మీద త్రిభుజం తిప్పడానికి ఒక రబ్బరు ముక్క చాలు. కాంక్రీటు పోశాక తిప్పాలంటే చెట్టైనా పోవాలి, మాటలైనా పడాలి.

చోటు విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది కరెంటు తీగ. టవర్ ఎటు పడినా, ఎంత పొడుగునా పడినా, పైనున్న యాంటెనాతో కలిపి లెక్కేసినా, వీధి కరెంటు తీగల్ని తాకే అవకాశం ఉండకూడదు. అంత జాగా లేని ఇంట్లో టవర్ వద్దు. దీంట్లో బేరాలు లేవు.

కాంక్రీటు పోసిన రోజు తాపీమేస్త్రీ, మావారూ, వారి స్నేహితులూ ఫొటో దిగారు. ఆ కాంక్రీటుకి అనుకున్న బలం రావడానికి 28 రోజులు పడుతుందని లెక్క. మొదటి రెండు వారాలు తడి ఆరకుండా గోనెపట్టాలు కప్పి రోజుకి మూడుసార్లు నీళ్ళు కొట్టింది మాత్రం నేను. ఫొటోలో లేను. ఫిర్యాదుగా చెప్పడం లేదు, లెక్క కోసం చెబుతున్నాను.

నిలబెట్టుకోవడం అంటే ఏమిటో కూడా లెక్క చెబుతాను. మాది కాకినాడ. ఉప్పుగాలికి ఇనుము ఎలా తినేస్తుందో సముద్రం దగ్గర కాపురం చేసే వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. జింకు పూత ఉన్న పైపుకైనా వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలవకముందు ఒకసారి, అక్టోబరు తుపాన్లకి ముందు ఒకసారి, ఆ అతుకులన్నీ చూసి గీకి జింకు పెయింటు వేయాలి. స్టే వైర్లు వదులయ్యాయేమో చూసి బిగించాలి. మూడూ ఒకే బిగువులో ఉండాలి, ఒకటి మరీ బిగిస్తే టవర్ విల్లులా వంగుతుంది. మంచం నవారు బిగించిన చేతికి ఆ బిగువు తెలియకపోదు.

గాలి సంగతి చాలామందికి తెలియదు. గాలి వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూడు రెట్ల వేగానికి తొమ్మిది రెట్లు. 50 కిలోమీటర్ల గాలికి కదలని టవర్ 150 కిలోమీటర్ల తుపానుకీ నిలుస్తుందని అనుకోవడం అందుకే ప్రమాదం. స్టే వైరు మీద తడి దుప్పటి ఆరేయకూడదని మా పనమ్మాయికి మొదటి రోజే చెప్పాను. దుప్పటి తెరచాపలా పనిచేస్తుంది, తడి తుప్పుకి దారి చేస్తుంది. దొండపాదు కూడా ఆ వైరునే వెతుక్కుంటూ వెళ్ళి పాకుతుంది. దాన్ని వారం వారం మళ్ళించి పందిరి ఎక్కించాలి. చీకట్లో పిల్లలు పరిగెత్తితే వైరు మెడకి తగలకుండా, మనిషెత్తు వరకు తెల్ల ప్లాస్టిక్ గొట్టం తొడిగించాను.

పిడుగుల కోసం టవర్‌కి ఎర్త్ వేస్తారు. దాన్ని ఇంటి కరెంటు ఎర్త్‌తో కూడా కలపాలి, రెండూ వేరువేరుగా ఉంటే ఒకదాని నుంచి ఒకదానికి పిడుగు శక్తి ఇంట్లోంచే దారి వెతుక్కుంటుంది. వేసవిలో నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు కాబట్టి ఆ గొయ్యిలో బిందెడు నీళ్ళు పోయాలి. మబ్బు కమ్మగానే, ఉరుములు మొదలవకముందే రేడియోకి వచ్చే కేబులు ఊడదీయాలి. మధ్యాహ్నం మూడింటికి మబ్బు కమ్మితే ఇంట్లో ఉండేది ఎవరు? కేబులు కిటికీలోంచి లోపలికి వచ్చే ముందు కిందికి వేలాడేలా ఒక మెలిక వదలాలి, వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి. లేకపోతే గోడ వెంట లోపలికే వస్తాయి. ఇవన్నీ ఇంజనీరింగు అనిపిస్తుంది కానీ, చూరు నీళ్ళు ఎటు పోతాయో ఏళ్ళ తరబడి చూసిన వాళ్ళకి ఇందులో కొత్తేముంది?

ఇరుగుపొరుగు కూడా ఇంట్లో ఉండే మనిషి దగ్గరికే వస్తారు. "మీ టవర్ వచ్చాక మా పిల్లాడికి తలనొప్పి వస్తోందండీ వదినగారూ" అని ఒకావిడ వచ్చారు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెప్పాను. ఇది సెల్ టవర్‌లా రాత్రింబగళ్ళు పనిచేసేది కాదు, ఆయన మైకు నొక్కి మాట్లాడినంతసేపే, అదీ 100 వాట్ల లోపే. అప్పుడు టవర్ మీద యాంటెనా కూడా పెట్టలేదు మరి, ఒట్టి ఇనుమే ఉంది! అలాగని పక్కవాళ్ళ ఇబ్బంది అంతా అపోహ అనకూడదు. ఎదురింటి వాళ్ళ టీవీ స్పీకరులో ఈయన గొంతు గరగరమని వినిపించిన మాట నిజం. ఆ వైర్లకి నల్లటి ఫెరైటు పూసలు తగిలించాక తగ్గింది. ఆ ఇంటికి తనే వెళ్ళి తగిలించి రావాలని నేను పట్టుబట్టాను. సరదా ఎవరిదైతే సంజాయిషీ కూడా వాళ్ళే ఇవ్వాలి.

ఇక అసలు విషయం, ఎక్కడం. ఇలాంటి టవర్లని రెండు రకాలుగా కట్టించుకోవచ్చు. పైకెక్కి పనిచేసేది ఒకటి, అడుగున మడతబందు పెట్టి, చేతి వించితో నేలకి దించి పనిచేసుకునేది ఇంకొకటి. రెండోదానికి డబ్బు ఎక్కువ. నేను ఒప్పుకున్నది రెండోదానికే. అయితే దించాలంటే నలుగురు మనుషులు కావాలి, ఒక పూట పడుతుంది. ఒక్క క్లాంపు వదులైతే మగవాళ్ళకి అనిపించేది ఒకటే: "ఇంతోటి దానికి నలుగుర్ని పిలవాలా? ఎక్కి బిగించేస్తే అయిదు నిమిషాలు." ఒక ఆదివారం నేను రైతు బజారు నుంచి వచ్చేసరికి మావారు ఒంటరిగా, బెల్టు లేకుండా, ఇరవై అడుగుల మీద ఉన్నారు. నేను అరవలేదు, ఉలిక్కిపడితే చెయ్యి జారుతుందని. దిగేదాకా సంచీ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. దిగాక ఒకటే చెప్పాను: ఇంకోసారి ఎక్కితే ఆ టవర్ ఈ పెరట్లో ఉండదు. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు. ఆ అయిదు నిమిషాల ఆదా ఎవరిది? పడితే ఆ తర్వాతి సంవత్సరాలు ఎవరివి? మంచం పక్కన కూర్చునే మనిషికి ముందే ఆ ప్రశ్న అడిగే హక్కుంది.

"విపత్తు వచ్చినప్పుడు ఈ రేడియోలే దిక్కు" అని హామ్‌లు అంటారు. నిజమే. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ హామ్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్ళిన బృందానికి నాయకురాలు భారతీ ప్రసాద్ అనే మహిళ. 26వ తేదీ సునామీ వచ్చి ఫోన్లు మూగబోతే, సరదాగా పట్టుకెళ్ళిన ఆ రేడియోలే పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు చేరవేశాయి. ఆ సంగతి తెలిశాక నాకు ఈ హాబీ మీద గౌరవం పెరిగింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి విశాఖలో సెల్‌ఫోన్లు ఎలా మూగబోయాయో మనకందరికీ గుర్తే.

కానీ ఆ మాట అడ్డం పెట్టుకుని 40 అడుగులు అడిగితే నేను ఒప్పుకోను. కాకినాడ నుంచి విశాఖకో హైదరాబాదుకో పగటిపూట కబురు పంపడానికి, 40 మీటర్ల బ్యాండు అనే దాని మీద, 20 మీటర్ల పొడుగు రాగి తీగ రెండు కొబ్బరిచెట్ల మధ్య కడితే చాలు. మరీ ఎత్తు కూడా అక్కర్లేదు. తరంగం పైకి వెళ్ళి ఆకాశంలోంచి తిరిగి చుట్టుపక్కల దిగుతుంది. ఎత్తైన టవర్ కావాల్సింది ఖండాలు దాటి మాట్లాడే ముచ్చటకి. ముచ్చట తప్పు కాదు. ముచ్చటని సేవ పేరుతో అడగడం తప్పు. నాకు జపాన్ కావాలి అని నిజం చెబితే, నాకు పట్టుచీర కావాలి అన్నట్టే విని, వీలుంటే సరే అంటాం.

కాబట్టి మీ ఇంట్లో మావారి లాంటి వారుంటే వద్దని మొండికేయకండి, నాకెందుకులే అని వదిలేయకండి. కాగితం మీద చోటు చూపించమనండి. దించుకునే రకమే కట్టించమనండి. ఎవరు ఎప్పుడు ఏం చూస్తారో గోడ మీద క్యాలెండరులో రాయించండి, మీరు చేసే పని కూడా అందులోకెక్కాలి. ఇక పరీక్షంటారా, 12 ఏళ్ళు నిండిన ఎవరైనా రాయొచ్చు. మీకు గానీ మీ అమ్మాయికి గానీ ఆసక్తి ఉంటే ఆ మైకు ఒక్కరిదే కాదని గుర్తుపెట్టుకోండి.

మా ఇంట్లో టవర్‌కని ఒక నోటుబుక్కు ఉంది. బిగించిన తేదీ, పెయింటు వేసిన తేదీ, చేసినవాళ్ళ పేరు అందులో రాస్తాం. టవర్ కట్టినవారి పేరు మొదటి పేజీలో ఉంది. మిగతా పేజీల్లో సగానికి పైగా నా పేరే ఉంది. దాని గురించి ఎవరూ ఫొటో తీయక్కర్లేదు. ఈసారి కొత్త యాంటెనా గురించి మాట వచ్చినప్పుడు మాత్రం, ఆ పేజీలు తిరగేశాకే నాతో మాట్లాడమన్నాను.