చలిమంట దగ్గర షార్ట్‌స్టాప్ పంచాయితీ

ఆట లేదు. స్టేడియానికి తాళం. బయట ఎముకలు కొరికే చలి. అయినా 2021 నవంబరులో డెట్రాయిట్‌లో ఏ నలుగురు బేస్‌బాల్ అభిమానులు కలిసినా ఒకటే గోల... 'మన టైగర్స్‌కి షార్ట్‌స్టాప్‌గా ఎవర్ని తెచ్చుకోవాలి?'

అమెరికాలో ఈ కబుర్లకు ఓ పేరే ఉంది, 'హాట్‌స్టవ్ లీగ్' అని. సీజన్ అయిపోయాక పూర్వం జనం పొయ్యి చుట్టూ చేరి, చేతులు కాచుకుంటూ వచ్చే ఏడు జట్టు సంగతులు మాట్లాడుకునేవారట. మన ఊళ్లో చలిమంట దగ్గర ఎన్నికల ముచ్చట్లలాగా అన్నమాట! ఇప్పుడు పొయ్యి లేదు. పంచాయితీ మాత్రం అలాగే ఉంది. బార్లలో, ఆఫీసు క్యాంటీన్లలో, రేడియోలో ఫోన్-ఇన్ కార్యక్రమాల్లో మాటల యుద్ధం వసంతం దాకా సాగుతూనే ఉంటుంది.

వేలం కాదు... వలపు!

ఐపీఎల్ వేలం చూసేవాళ్లకి ఇది కాస్త వింతగా ఉంటుంది. అక్కడ సుత్తి పడగానే ఆటగాడు ఫలానా జట్టువాడైపోతాడు. బేస్‌బాల్‌లో అలా కాదు. మేజర్ లీగుల్లో 6 ఏళ్ల సర్వీసు పూర్తయి, ఒప్పందం కూడా ముగిసిన ఆటగాడు 'ఫ్రీ ఏజెంట్'. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునేది అతనే. జట్లే అతని చుట్టూ తిరగాలి. ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. ఒకసారి సంతకం పెడితే జట్టు వదిలేదాకా అక్కడే పడి ఉండాలన్న పాత పద్ధతిని 1975 డిసెంబరులో ఓ మధ్యవర్తి తీర్పు పడగొట్టింది. అప్పటినుంచీ ఆటగాళ్ల రేట్లు ఆకాశంలోనే.

ఇక షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. కుడిచేతివాటం బ్యాటర్లే ఎక్కువ కాబట్టి నేలబారు బంతులు చాలావరకు అటే వస్తాయి. చురుకైన కాళ్లు, తుపాకీలాంటి చెయ్యి ఉండాలి. దాంతోపాటు బ్యాటింగూ వస్తే బంగారమే. ఆ చలికాలం అలాంటి బంగారాలు ఒకరు కాదు, అయిదుగురు ఒకేసారి బజార్లోకొచ్చారు. కార్లోస్ కొరియా, కోరీ సీగర్, మార్కస్ సెమియన్, ట్రెవర్ స్టోరీ, హావియర్ బాయెజ్!

ఎవరి లెక్క వారిది

డెట్రాయిట్‌లో ఎక్కువమంది మనసు కొరియా మీదే. వయసు 27. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో అన్ని స్థానాల్లోకీ మేటి ఫీల్డర్‌గా 'ప్లాటినం గ్లవ్' అందుకున్నాడు. పైగా టైగర్స్ మేనేజర్ ఏజే హించ్ అంతకుముందు హ్యూస్టన్‌లో అతని గురువే. ఇద్దరూ కలిసి అల్పాహారం చేశారన్న వార్త పొక్కగానే అభిమానులు పెళ్లిచూపులు అయిపోయినంత సంబరపడ్డారు. ఇక తాంబూలాలే తరువాయి అనుకున్నారు.

'ఆగండాగండి' అన్నారు ఇంకో వర్గంవాళ్లు. 2017లో హ్యూస్టన్ జట్టు కెమెరా సాయంతో ప్రత్యర్థుల సైగలు దొంగిలించిందని తేలింది కదా. ఆ జట్టులో కొరియా ఉన్నాడు. ఆ వ్యవహారంలోనే హించ్ 2020 సీజనంతా నిషేధానికి గురయ్యాడు. 'ఒకర్ని క్షమించాం, చాలదా?' అన్నది వీళ్ల ప్రశ్న. 'గురువుని తెచ్చుకున్నప్పుడు గుర్తురాని నీతి శిష్యుడి దగ్గర గుర్తొచ్చిందా?' అని అవతలివాళ్ల జవాబు.

మూడో వర్గానిది బాయెజ్ జపం. ఫీల్డింగ్‌లో అతని విన్యాసాలు చూసి 'మాంత్రికుడు' అని పేరుపెట్టారు. 2016లో షికాగో కబ్స్ 108 ఏళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 2021లో 31 హోమ్‌రన్లు బాదాడు. అదే ఏడాది 184సార్లు స్ట్రైకౌటూ అయ్యాడు! అంటే కొడితే గోడ అవతల, లేకపోతే గాలిలోకి. అదీగాక ఆ ఆగస్టులో న్యూయార్క్ మెట్స్‌కి ఆడుతూ, తమను ఎగతాళి చేస్తున్న సొంత అభిమానులకే బొటనవేలు కిందికి చూపించి తిట్లు తిన్నాడు. 'రేపు మనకీ చూపిస్తాడు' అని పెద్దవాళ్ల బెంగ.

అందరికన్నా వెనక, ఏ పేరూ చెప్పనివాళ్లు కొందరున్నారు. వాళ్ల భయం ఆటగాడి గురించి కాదు, ఒప్పందం గురించి. 2012లో ప్రిన్స్ ఫీల్డర్‌కి టైగర్స్ 9 ఏళ్లకు 21.4 కోట్ల డాలర్లు రాసిచ్చింది. రెండు సీజన్లకే అతన్ని టెక్సస్‌కి పంపేసింది. అప్పటి గాయం వాళ్లింకా మర్చిపోలేదు.

ఇంతకీ వీళ్లకెందుకింత ఆరాటం? డబ్బు వాళ్లది కాదుగా! నిజమే. కానీ ఆశ వాళ్లదే. టైగర్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1984లో. అప్పుడు మేటి ఆటగాడిగా నిలిచిన అలన్ ట్రామెల్ కూడా షార్ట్‌స్టాపే. ఆ గెలుపు కళ్లారా చూసినవాళ్లు తాతలైపోతున్నారు. చూడనివాళ్లకి మిగిలింది 2019లో 114 ఓటముల జ్ఞాపకం. ఇలాంటి ఊళ్లో ఒక్క సంతకం తప్పుపడితే పోయేది డాలర్లే కాదు... మరో ఆరేళ్లు, పదేళ్లు!

తీర్పు తిరగబడింది

పత్రికల్లో వచ్చిన ప్రకారం కొరియాకి టైగర్స్ పదేళ్లకు 27.5 కోట్ల డాలర్లు ఇస్తామంది. అతను ఒప్పుకోలేదు. 2021 డిసెంబరు 2న యజమానుల లాకౌట్‌తో లావాదేవీలన్నీ స్తంభించిపోవడానికి కాస్త ముందు బాయెజ్‌తో సంతకం చేయించింది. ఆరేళ్లు, 14 కోట్లు. సీగర్, సెమియన్ ఇద్దర్నీ టెక్సస్ ఎగరేసుకుపోయింది. ఒకరికి 32.5 కోట్లు, ఇంకొకరికి 17.5 కోట్లు.

తర్వాత రెండేళ్లూ 'నేను ముందే చెప్పాను' అన్నవాళ్లదే రాజ్యం. 2022లో బాయెజ్ బ్యాటింగ్ సగటు .238. మరుసటి ఏడు .222. 2023 ఏప్రిల్లో ఎందరు అవుటయ్యారో లెక్కే మర్చిపోయి ఆడితే, హించ్ మ్యాచ్ మధ్యలోనే బెంచీ మీద కూర్చోబెట్టాడు. అదే ఏడాది సీగర్ వరల్డ్ సిరీస్‌లో మేటి ఆటగాడయ్యాడు, టెక్సస్ కప్పు గెలిచింది. డెట్రాయిట్ గుండెల్లో కారం చల్లినట్లయింది. సీజన్ చివర ఒప్పందం వదులుకునే వీలున్నా బాయెజ్ వదల్లేదు. మిగిలిన 9.8 కోట్లూ అతనివే. 2024లో సగటు .184. పదిసార్లు బ్యాటు పడితే రెండు హిట్లు కూడా లేవు! తుంటికి శస్త్రచికిత్స చేయించుకుని ఇంట్లో కూర్చున్నాడు. విచిత్రంగా ఆ ఏడాదే టైగర్స్ ప్లేఆఫ్స్‌కి చేరింది, అతను లేకుండానే.

పోనీ కొరియా వచ్చి ఉంటే అంతా శుభమేనా? 2022 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో అతనికి 13 ఏళ్లకు 35 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. వైద్య పరీక్షల్లో పాత చీలమండ గాయం కనబడి వెనక్కి తగ్గింది. న్యూయార్క్ మెట్స్‌తో 31.5 కోట్ల మాటా అలాగే ముగిసింది. చివరికి మిన్నెసోటాలోనే ఆరేళ్లకు 20 కోట్లకు సర్దుకున్నాడు. 2025 జులైలో మళ్లీ హ్యూస్టన్‌కే చేరాడు. పదేళ్ల ఒప్పందం డెట్రాయిట్‌కి వరమయ్యేదో భారమయ్యేదో, ఇప్పటికీ బల్లగుద్ది చెప్పలేరు.

చలికాలం మళ్లీ వచ్చింది. 2025 ఆరంభంలో ఇంకో ఇన్‌ఫీల్డర్ అలెక్స్ బ్రెగ్‌మన్ కోసం అదే పంచాయితీ. అతనూ హించ్ దగ్గర ఆడినవాడే. టైగర్స్ ఆరేళ్ల ఒప్పందం ఇస్తామంటే కాదని బోస్టన్‌కి వెళ్లాడు. మళ్లీ నిట్టూర్పులు.

ఆ మే 13న డెట్రాయిట్‌కి అదే బోస్టన్ జట్టు వచ్చింది. గాయాలతో అవుట్‌ఫీల్డర్లు తగ్గిపోతే, షార్ట్‌స్టాప్‌గా కొన్న బాయెజ్ అప్పటికి సెంటర్ ఫీల్డ్‌లో సర్దుకున్నాడు. ఆ మ్యాచ్‌లో మూడేసి రన్ల హోమ్‌రన్లు రెండు బాదాడు. రెండోది 11వ ఇన్నింగ్స్‌లో మ్యాచ్ ముగించిన దెబ్బ. 10-9! నాలుగేళ్లుగా తిట్టిన నోళ్లే గొంతు పోయేలా అతని పేరు అరిచాయి.

ఆ జులైలో ఆల్‌స్టార్ మ్యాచ్‌కి అమెరికన్ లీగ్ తరఫున ఆట మొదలుపెట్టే అవుట్‌ఫీల్డర్లలో అతనొకడు. ఎంపిక చేసింది అధికారులు కాదు, ఓట్లేసిన అభిమానులు!

టైగర్స్ ఆ ఏడాదీ కప్పు గెలవలేదు. ప్లేఆఫ్స్‌లో సియాటెల్ చేతిలో 15 ఇన్నింగ్స్ పోరాడి ఓడింది. అంటే 1984 నాటి లెక్క అలాగే ఉంది. బాయెజ్‌ని తేవడం లాభమా నష్టమా అంటే, జమాఖర్చుల పుస్తకం ఒకటి చెబుతుంది, ఆ మే నెల రాత్రి స్టేడియంలో ఉన్నవాళ్లు ఇంకొకటి చెబుతారు. రెండిట్లో ఏది నిజమన్నది తేలదు. తేలకపోతేనేం... చలిమంట దగ్గర మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా!