మధ్యాహ్నం చౌక, సాయంత్రం ప్రియం

విద్యుత్ ప్రణాళికపై ప్రభుత్వ ప్రకటనలన్నీ మెగావాట్లలోనే వెలువడుతున్నాయి. బొగ్గు, చమురు, గ్యాస్‌లతో నిమిత్తం లేని స్థాపిత సామర్థ్యాన్ని 2030 నాటికి 5 లక్షల మెగావాట్లకు చేర్చాలన్నది 2021లో ప్రకటించిన లక్ష్యం. 2025 మధ్యలో ఇది దేశంలోని మొత్తం సామర్థ్యంలో సగమైంది. సంతోషమే. అయితే మెగావాటు సాగు విస్తీర్ణం వంటిది. దిగుబడిని యూనిట్లలో చూడాలి. 2024-25లో ఉత్పత్తి అయిన యూనిట్లలో 70 శాతం పైచిలుకు బొగ్గువే.

సౌర విద్యుత్తుకు ప్రతిరోజూ మధ్యాహ్నమే కోతల కాలం. రాబడి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. 2025 వేసవిలో పవర్ ఎక్స్ఛేంజీలలో మధ్యాహ్నం యూనిట్ రెండు రూపాయలకు దిగువన పలికిన రోజులున్నాయి. పొద్దు గుంకాక గరిష్ఠ పరిమితి 10 రూపాయలను తాకిన రోజులూ ఉన్నాయి. కోల్డు స్టోరేజీలు లేని గుంటూరు మిర్చి యార్డును ఊహించుకుంటే ఈ పరిస్థితి బోధపడుతుంది.

కనుక ఇకపై ప్రణాళికలో ముందు లెక్కించవలసింది గిడ్డంగులనే. ఆ పద్ధతి మనకు కొత్త కాదు. చౌకగా ఉన్నప్పుడు నీటిని పైకి తోడి, గిరాకీ వేళ కిందికి వదిలే యంత్రాలు నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల మేరకూ ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల పథకానిదీ ఇదే సూత్రం. తరుగు నూటికి 20 నుంచి 25 యూనిట్లు. పై ధరల తేడాతో చూస్తే భరించలేని తరుగేమీ కాదు.

గిడ్డంగి కట్టేవాడికి దీర్ఘకాలం అద్దె వస్తుందన్న భరోసా కావాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడబోయింది. ఒప్పందం ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. ధర ఎక్కువన్న వాదనలో కొంత నిజం ఉండవచ్చు. కాని బేరం కుదిరి, సరుకు దిగిన తర్వాత ధర మార్చమంటే ఏ బజారులోనూ చెల్లదు. ఆ జంకును తర్వాతి పెట్టుబడిదారు వడ్డీలో కలిపి వసూలు చేస్తాడు.

2025 జూలైలో ఎంసీఎక్స్, ఎన్ఎస్ఈలలో విద్యుత్ ఫ్యూచర్స్ మొదలయ్యాయి. లాటు 50 వేల యూనిట్లు. పరిష్కారం నెల సగటు ధర మీద. మధ్యాహ్నపు చౌక, సాయంత్రపు ప్రియం ఈ సగటులో కలిసిపోతున్నాయి. సాయంత్రపు నాలుగు గంటలకు విడిగా కాంట్రాక్టు పెడితే, గిడ్డంగికి ఎంత అద్దె గిట్టుతుందో బజారే చెబుతుంది.