వెనుదిరిగే వీలున్న ప్రయాణం

ఎండలు ముదిరే కాలం సమీపించగానే నన్ను అడిగే ప్రశ్నల తీరు మారిపోతుంది. "డాక్టరుగారూ, మే నెలలో యూరప్ వెళుతున్నాం. పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు. షుగరు మాత్రలు ఏ వేళకు వేసుకోమంటారు?" అని ఫోను చేస్తారు. మాత్రల గురించి చెప్పడం మొదలుపెట్టిన నేను, చివరకు ఆ పన్నెండు రోజుల పట్టికను ఒకసారి చదివి వినిపించమంటాను. వినిపించిన తరువాత చాలాసార్లు మాత్రల కంటె ఆ పట్టికే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

అరవై దాటి, రక్తపోటో, మధుమేహమో, గుండెజబ్బో వెంట ఉన్నవారికి నేను ఇచ్చే సలహా ఒకటే. ఏడు దేశాల ఆశ వదలండి. ఒకే ఊరిలో వారం పది రోజులకు వంటగది ఉన్న అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకోండి. ఓపిక ఉన్న రోజున రైలెక్కి ఒక చోటు చూసి, సాయంత్రానికి ఆ ఇంటికే తిరిగి రండి. ఖర్చు తగ్గుతుందని నేనీ మాట చెప్పడం లేదు. ఒక్కొక్కసారి తగ్గదు కూడా. ఒంట్లో బాగుండని క్షణాన వెనక్కి తిరిగే వీలు ఈ పద్ధతిలో ఉన్నది. బృందయాత్రలో అది దాదాపుగా లేదు.

నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయిని అనుభవం వినండి. ఆమె గ్లిమిపిరైడ్ మాత్ర వాడేవారు. ఆ మాత్ర, మనం తిన్నా తినకపోయినా, ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది. హోటలులో ఉదయం ఆరున్నరకు మాత్ర వేసుకుని, రెండు రొట్టెముక్కలు తిని బస్సెక్కారు. మధ్యాహ్న భోజనం మరొక ఊరిలో, మన వంట దొరికే చోట. దారిలో ఆలస్యమై బస్సు అక్కడికి చేరేసరికి రెండున్నర. అప్పటికే ఆమెకు చెమటలు పట్టి, మాట తడబడింది. పక్కనున్నవారెవరో చాక్లెట్టు నోట్లో పెట్టడంతో గండం గడిచింది. తరువాత విచారిస్తే, మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియక మూడు రోజులుగా నీళ్ళు తాగడం తగ్గించారని, రక్తపోటుకు వాడే నీటిమాత్ర మానేశారని తెలిసింది. "బస్సు ఆపమని అడగలేకపోయారా?" అన్నాను. "నలభై మంది ఉన్నారండీ, మొహమాటం" అన్నారు. మొహమాటం మన వైద్య గ్రంథాలలో లేని వ్యాధి. నా నలభై ఏళ్ళ వృత్తిలో అది చేసిన హాని తక్కువేమీ కాదు.

ఇక ఇంటర్లాకెన్ సంగతి చెబుతాను. స్విట్జర్లండులో తూన్, బ్రియెంజ్ అనే రెండు సరస్సుల నడుమ, సముద్రమట్టానికి సుమారు 570 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న పట్టణం అది. తూర్పు స్టేషను నుండి లౌటర్‌బ్రున్నెన్ లోయకు ఇరవై నిమిషాలు, రాజధాని బెర్న్ నగరానికి గంటలోపు. బ్రూనిగ్ కనుమ మీదుగా లుసెర్న్ నగరానికి రెండు గంటలలోపే చేరవచ్చు. ఆ దేశంలో 1982 నుండి రైళ్ళు నిర్ణీత వ్యవధిలో, గంటగంటకూ అదే నిమిషానికి బయలుదేరే పద్ధతి అమలులో ఉన్నది. ముఖ్యమైన మార్గాలలో అరగంటకొకటి ఉంటుంది. అంటే ఒక రైలు తప్పినందువల్ల పరుగెత్తి ఆయాసపడవలసిన పని లేదు. కూర్చుంటే మరొకటి వస్తుంది. మోకాళ్ళు అరిగినవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి ఇది ఎంతటి ఊరటో ఆలోచించండి. రైలులో లేచి నాలుగడుగులు వేయవచ్చు. గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే పిక్కల సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది కనుక, ఆ నాలుగడుగులూ తేలికగా తీసుకోవలసినవి కావు.

అక్కడికి వెళ్ళిన మనవారందరి గమ్యమూ యుంగ్‌ఫ్రౌయోఖ్. యూరప్‌లో అత్యంత ఎత్తున ఉన్న రైల్వే స్టేషను, 3,454 మీటర్లు. కొండను తొలిచి వేసిన ఈ మార్గం 1912లో పూర్తయింది. అంత ఎత్తున మనం పీల్చే గాలిలో అందే ప్రాణవాయువు సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. విశాఖలోనో విజయవాడలోనో జీవితమంతా గడిపినవారిని, వచ్చిన మరునాడే, ఒక్క పూటలో, అక్కడికి తీసుకువెళ్ళి నిలబెడుతున్నాం. పర్వతవ్యాధి సాధారణంగా కొన్ని గంటలు గడిచాకగాని రాదు కనుక, రెండు గంటలుండి దిగివచ్చే చాలామందికి తలనొప్పితోనో, కాస్త తూలడంతోనో సరిపోతుంది. కాని గుండెకు రక్తం అందించే నాళాలు సన్నబడినవారికి, దీర్ఘకాల ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారికి గంటల గడువు లేదు. ప్రాణవాయువు తగ్గిన కొద్ది నిమిషాలకే గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఆ చలిలో మంచు మీద నడక, మెట్లు ఎక్కడం దానికి తోడైతే ఛాతీనొప్పి రావచ్చు. ఇటీవలే గుండెపోటు వచ్చినవారు, కొద్ది నడకకే ఆయాసపడేవారు వైద్యుని అడగకుండా అక్కడికి వెళ్ళకూడదు.

సొంతంగా వెళ్ళేవారు దీనిని మెట్లుమెట్లుగా చేయవచ్చు. మొదటి రోజు సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న లౌటర్‌బ్రున్నెన్. మరొక రోజు పళ్ళచక్రాల రైలెక్కి వెంగెన్. 1,274 మీటర్లు, కార్లు తిరగని ఊరు. ఆపైన 2,061 మీటర్ల క్లైన షైడెగ్. ప్రతి రాత్రీ కిందికి దిగివచ్చి నిద్రిస్తారు కనుక శరీరం ఎత్తుకు పూర్తిగా అలవాటు పడుతుందని నేను చెప్పను. మీ ఊపిరి ఎక్కడ బరువెక్కుతుందో మాత్రం మీకే తెలుస్తుంది. అక్కడ ఆగిపోవచ్చు.

రైలు సంగతి ఇంత చెప్పాను గాని, ఈ పద్ధతికి సగం బలం ఆ అద్దె ఇంటి వంటగదిలో ఉన్నది. ఎసట్లో బియ్యం పడుతున్నాయంటేనే మధుమేహ రోగికి సగం ధైర్యం. భోజనవేళ మీ చేతిలో ఉంటుంది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచడానికి ఫ్రిజ్ ఉంటుంది, రోజుకొక హోటలులో ఐసు కోసం దేవులాడనక్కరలేదు. ఆ ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరకు దగ్గరగా మాత్రం పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మంచుకొండకు వెళ్ళే రోజున పెన్నును కోటు లోపలి జేబులో ఉంచుకోండి. అక్కడ కుళాయినీరు తాగవచ్చు, సీసా నింపుకుంటే చాలు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కనుక పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోండి. నీటిమాత్ర వేళను మీ వైద్యునితో మాట్లాడి కాస్త మార్చుకోవచ్చు. ఇంట్లోనే ఉండి పదింటికి బయలుదేరితే ఎవరూ ఏమీ అనరు.

భయాలు లేవని కాదు. "పరాయి దేశంలో రాత్రివేళ ఏదైనా అయితే?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. స్విట్జర్లండులో అంబులెన్సుకు 144, అత్యవసరాలకు యూరప్ అంతటా 112. మన బ్రాండుపేర్లు అక్కడివారికి తెలియవు కనుక, మందుల అసలు పేర్లు, మోతాదులు ఆంగ్లంలో రాయించుకున్న చీటీ జేబులో ఉండాలి. షెన్‌గన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అయితే ముందునుండీ ఉన్న జబ్బులకు ఆ పాలసీ ఏమేరకు వర్తిస్తుందో సంతకానికి ముందే చదవండి. ఇల్లు మాట్లాడుకునేటప్పుడు లిఫ్టు ఉన్నదా అని అడగండి. మేము అడగలేదు, మూడంతస్తుల కొయ్యమెట్లు రోజూ రెండుసార్లు మాకు ఆ పాఠం చెప్పాయి.

ఈ వాదం మన దగ్గర పూర్తిగా చెల్లదన్నదీ ఒప్పుకోవాలి. విశాఖలో ఇల్లు తీసుకుని అరకుకు రైలులో వెళ్ళిరావడం చక్కని ఆలోచనే. ఆ మార్గంలో రైళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కనుక, దారిలో దిగి వెనక్కి రావాలంటే కారు ముందే చూసుకోవాలి.

మేము ఇంటర్లాకెన్‌లో ఉన్న ఆరవ రోజున క్లైన షైడెగ్ వరకే టిక్కెట్టు తీసుకున్నాం. పైకి వెళ్ళేందుకు కావలసిన మిగతా టిక్కెట్టు అక్కడే కొనవచ్చు. పూర్తి టిక్కెట్టు చాలా ఖరీదు. ఒకసారి కొన్నామంటే నొప్పి వచ్చినా పైకి వెళ్ళాలనిపిస్తుంది. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచేసరికి మా ఆవిడ రెండుసార్లు ఆగింది. నాడి చూస్తే నూట పన్నెండు. ఇద్దరం ఐగర్ శిఖరానికి ఎదురుగా బల్లమీద కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాం. నాడి తొంభైకి దిగాక, కిందికి వెళ్ళే రైలు వస్తే ఎక్కాం.