గోడ నిమ్ము, రొమ్ము నిమ్ము

తడియూరి పెచ్చులూడుచున్న గోడను చూచి నిమ్మెక్కినదనియు, ఆయాసముతో డొక్కలెగురవేయు పసిబిడ్డను చూచి నిమ్ము చేసినదనియు అనుట తెలుగు ఇండ్లలో వాడుక. గోడలోని చెమ్మయే నేరుగ న్యుమోనియా యగునని దీని భావము కాదు. ఆ వ్యాధిని కలిగించునవి సూక్ష్మక్రిములు. అయినను, చెమ్మకును బూజునకును ఆలవాలమైన గృహములయందు ఉబ్బసము, పిల్లికూతలు, శ్వాసకోశ వ్యాధులు అధికముగ కానవచ్చునని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకములను చదివినప్పుడు, మన అమ్మమ్మల నోట ఆ రెండింటికిని ఒక్క మాటయే ఏల నిలిచినదో యోచింపవలసి వచ్చును.

అట్టి చెమ్మను విజయవాడ ఇండ్లకు తెచ్చినది వరద. వెలగలేరు నుండి మళ్లింపు కాలువ వెంట వచ్చి ఇబ్రహీంపట్నము చెంత కృష్ణలో కలియవలసిన బుడమేరు వాగు నీటికి, 2024 సెప్టెంబరు ఆరంభమున, ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటి పొంగుచున్న కృష్ణలో చోటు దొరకలేదు. కాలువకట్టకు గండ్లు పడగా విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట దినముల తరబడి నీట నానినవి. సైన్యము సాయపడగా గండ్లు పూడినవి. నేల అంతస్తున మునిగిన ఇంటికి 25,000 రూపాయల సాయము ప్రకటింపబడినది. అగ్నిమాపక శకటములు వీథులను కడిగినవి. ఆ శ్రమను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. కాని వీథిలోని నీరు తీసిననాడే వరద ముగిసినదని తలంచితిమి. ఇటుకలు త్రాగిన నీటిని లెక్కకు తీసికొనమైతిమి.

దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుకయు సిమెంటు పూతయు నీటిని పైకి లాగుకొనును. నానిన వస్తువు ఒకటి రెండు దినములలో ఆరనిచో బూజు మొలచును. వారము నానిన గోడ నెలలకు గాని ఆరదు. పిమ్మట వచ్చునది తుపానుల కాలము. అద్దె గదికి కిటికీ ఒక్కటి. అందులోనే వంట, దండెముపై తడిబట్టలు. ఇన్ని కూడినచోట మంచము వెనుక నల్లని మచ్చలు ప్రాకుట వింత కాదు. క్రొత్తగ అద్దెకిచ్చుటకై ఆ మచ్చలపై పుట్టీ రాచి రంగు వేయుటయు కలదు. బూజనగానే సాలెగూడు స్ఫురించుట చేత కాబోలు, చీపురుతో దులుపుదురు. ఆ దులుపుతో కంటికానని బీజములు గదియంతయు చెదరి, పెద్దలకంటె వేగముగ ఊపిరి తీయు పసివాండ్ర సన్నని శ్వాసనాళములలో చేరును. రాత్రి దగ్గును జలుబని తలచి సిరప్పు పోయు తల్లి మంచము ప్రక్క గోడను గూర్చి వైద్యునకు చెప్పదు, వైద్యుడును అడుగడు. థర్మల్ కేంద్రపు బూడిదను గూర్చి ఇబ్రహీంపట్నమున ఎంతయో మాట్లాడుకొందుము. ఇంటిలోపలి గాలి ఊసు ఎత్తము.

సంక్రాంతికి గోడలకు సున్నము కొట్టిన పూర్వులు శిలీంధ్రము పేరెఱుగకున్నను, సున్నపు క్షారగుణము దానిని పెరుగనీయక, గోడలోని తేమను వెలికి పోనిచ్చెడిది; నేటి ప్లాస్టిక్ రంగులు ఆ తేమను లోననే బంధించును. కావున పిల్లలను వేఱొకచోట నుంచి, మాస్కు కట్టుకొని, మచ్చలను సబ్బునీటితో తడిపి తుడిచి, గోడ లోపలివఱకు ఆరిన పిదపనే రంగు వేయవలెను. నానిన దూదిపరుపును పారవేయుటయే మేలు. బ్లీచింగు వాడువారు దానిని మరుగుదొడ్డి యాసిడ్‌తో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఇంట పెరిగిన రెండేండ్ల బాలుడు 2020లో మరణింపగా, విచారణాధికారి ఆ మరణమునకు బూజే కారణమని తేల్చిన పిదప, ఆ బాలుని పేరిట పిలువబడు నిబంధన 2023 నాటి చట్టమున చేరి, తక్కువ అద్దెకిచ్చు సామాజిక గృహముల యజమానులు నిర్ణీత గడువులో చెమ్మను పరీక్షించి బాగుచేయవలెనని శాసించినది. ఇచ్చట అంత చట్టము వచ్చువఱకు ఆగనక్కఱలేదు. వరద పిదప ఇల్లిల్లు తిరుగు ఉద్యోగి గోడకు తేమమాపకము ఆనించి అంకె వ్రాసికొని, ఆరని ఇంట పిల్లలున్నచో మూడు నెలలకు మరల వచ్చి చూచుట, అద్దెకిచ్చువారు రంగుకంటె ముందు గోడ ఆరినట్లు చూపుట, ఇవి పెద్ద వ్యయము లేని పనులు. బుడమేటి కట్టల మరమ్మతులతోపాటు ఇవియు వచ్చు వర్షాకాలమునకు ముందే మొదలుకావలెను.