రోజుకు ఒక్క ఎత్తు చాలు



పిల్లలకు చెస్ ఓపెనింగ్స్ నేర్పమని చాలామంది అడుగుతున్నారు. నేర్పవచ్చు. కానీ మొదటి పది ఎత్తులు బట్టీ పట్టిన పిల్లలు పదకొండో ఎత్తు దగ్గర తడబడతారు. ఎదుటివారు కొత్త ఎత్తు వేస్తే వారికి ఏమీ తోచదు. చదువులోనూ ఇదే ఇబ్బంది. నిదానంగా ఆడే ఆటే దీనికి మందని నా అభిప్రాయం.

1828లో మద్రాసు, హైదరాబాదు ఆటగాళ్లు ఉత్తరాల ద్వారా రెండు ఆటలు మొదలుపెట్టారు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. ఒక ఎత్తు రాసి పంపితే జవాబుకు రోజుల తరబడి ఎదురుచూడాలి. మద్రాసు పక్షాన ఆట నడిపించిన గులాం ఖాసిం, జేమ్స్ కాక్రేన్‌తో కలిసి 1829లో ఒక పుస్తకం తెచ్చారు. అందులో ఆ రెండు ఆటలతో పాటు ముజియో గాంబిట్ అనే ఓపెనింగ్ విశ్లేషణ ఉంది. ఈ ఓపెనింగ్‌లో తెల్లపావుల ఆటగాడు వేగంగా దాడి చేయడం కోసం గుర్రాన్నే వదులుకుంటాడు. గుర్రానికి ముప్పు వచ్చినా దాన్ని కదపకుండా, మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపే పద్ధతిని నేటికీ గులాం ఖాసిం పేరుతోనే పిలుస్తారు. గుర్రం పోతే బదులుగా ఏమొస్తుందో తీరిగ్గా లెక్క వేసుకున్నవారే అలాంటి ఎత్తు వేయగలరు.

పలాస, టెక్కలి, ఉద్దానం ఇళ్లలో ఎందరో నాన్నలు పని కోసం దూరాన ఉంటున్నారు. రాత్రి ఫోన్‌లో "తిన్నావా? మార్కులెన్ని?" దగ్గరే మాటలు అయిపోతాయి. ఆ ఫోన్‌లోనే రోజుకొక ఎత్తు చెప్పుకోండి. ఇద్దరి దగ్గరా చెరో బోర్డు ఉంటే చాలు. గళ్లకు అడ్డంగా ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలు, నిలువుగా 1 నుంచి 8 వరకు అంకెలు. "గుర్రం ఎఫ్3" అంటే అవతలివారికి అర్థమైపోతుంది. నాన్నకు ఆట రాకపోతే పిల్లలనే నేర్పనివ్వండి.

ఒక్క నియమం పెట్టండి. నోట్‌బుక్‌లో ఎత్తు రాసి, అదెందుకు వేశారో పక్కన ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాయాలి. నెలకు ముప్పై వాక్యాలు, అన్నీ గైడ్‌లో దొరకనివి, సొంతవి.

యాప్‌లో చూసి వేస్తారేమోనన్న భయం సహజం. యాప్ ఎత్తు చెబుతుంది, కారణం మాత్రం పిల్లలే రాయాలి. అక్కడే సంగతి తెలిసిపోతుంది. పరీక్షల రోజుల్లోనూ దీనికి పది నిమిషాలు మించదు.

తప్పు ఎత్తు వేస్తే వెంటనే దిద్దకండి. ఓడితే ఓడనివ్వండి. ఎక్కడ పోయిందో నోట్‌బుక్ తిరగేసి వాళ్లే వెతుక్కుంటారు. ఆ అలవాటు పడితే ఏ సబ్జెక్టులోనైనా పదకొండో ఎత్తు వాళ్లే వేయగలరు.