బాడీగార్డుకి పిల్లనిచ్చిన కామందు ఎక్కడున్నాడు?

'నవ్వుకునే సినిమా మీద మీకెందుకండీ కోపం?' పేటలో మీటింగు పెట్టి సినిమాల సంగతి ఎత్తితే మన కుర్రోళ్లే అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. పొద్దంతా దింపు తీసి, కాయ ఒలిచి, ఒళ్లు హూనమై ఇంటికొచ్చినవాడు రెండు గంటలు నవ్వుకుంటే తప్పేముంది? నవ్వొద్దని మేం చెప్పం. ఏ అబద్ధాన్ని నమ్ముకుంటూ నవ్వుతున్నామో ఒక్కసారి చూసుకోమంటున్నాం.

'బాడీగార్డ్' సినిమానే తీసుకుందాం. 2012 సంక్రాంతికి వచ్చింది. వెంకటేష్, త్రిష, ప్రకాష్‌రాజ్ వేశారు, గోపీచంద్ మలినేని తీశాడు. అసలు కథ 2010లో మలయాళంలో సిద్దిఖ్ తీసింది. 2011లో తమిళం, హిందీ తిరిగి మన దగ్గరకొచ్చింది. ఇన్ని భాషలవాళ్లు కొనుక్కున్నారంటే ఇది దేశానికే ఇష్టమైన అబద్ధమన్నమాట.

కథేమిటి? ఊళ్లను గుప్పిట్లో పెట్టుకున్న ఒక పెద్దమనిషి. ఆయన మాటే చట్టం. ఆయన కూతురికి కాపలాగా ఒక నమ్మినబంటు. వాడి కాపలా భరించలేక ఆ పిల్ల ఎవరో తెలియని అమ్మాయిలా ఫోను చేసి ఆట పట్టిస్తుంది. ఆట కాస్తా ప్రేమవుతుంది. ఇంతవరకూ నవ్వే.

తర్వాత చూడండి. కాపలావాడు తన కూతుర్నే లేవదీసుకుపోతున్నాడని తండ్రికి అనుమానం తగులుతుంది. వెంటనే మనుషుల్ని పంపుతాడు. వాడు ప్రేమించింది నన్ను కాదు, ఇంకో అమ్మాయిని అని కూతురు అబద్ధమాడితే గాని వాడి ప్రాణం నిలవదు. ప్రేమించినందుకు మనిషిని చంపడమేమిటని తెర మీద ఎవరూ అడగరు. కింద కూర్చున్న మనమూ అడగం. నవ్వుల సినిమా నడుమ కత్తి ఉంది. అది అక్కడ ఉండటం మనందరికీ మామూలైపోయింది.

చివరికేమైంది? కాపలావాడు ఇంకో అమ్మాయిని పెళ్లాడతాడు. ఆమె చనిపోతుంది. ఏళ్లు గడిచాక కొడుకు చెయ్యి పట్టుకుని పాత యజమాని ఇంటికొస్తాడు. అప్పుడు తండ్రి మనసు కరిగి, తానే కూతుర్ని అప్పగిస్తాడు. మా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. ఆ పిల్లకు నోరు లేదు. ఇన్నేళ్లూ ప్రేమను కడుపులో దాచుకుని కూర్చుంది. ఆ కుర్రాడికి ఎదురు తిరిగే ధైర్యం లేదు. విశ్వాసంగా పడి ఉన్నందుకు దొరికిన బహుమానం ఆ పెళ్లి. పాలేరుకి పండగనాడు పాత పంచె ఇచ్చినట్టు కూతుర్ని ఇచ్చాడు. దీనికి ప్రేమ అని పేరు పెట్టారు!

ఇంకో సంగతి. పెద్దమనిషి పేరు వరదరాజులు నాయుడు. ఆయన కులం పేరులోనే వినబడుతుంది. ఆయన ముందు చేతులు కట్టుకున్నవాడి కులం మాత్రం ఎవరికీ అక్కర్లేదు. కులం అడగకుండా నౌకరీ ఇచ్చిన కామందును మన తాతలు చూశారా? మనం చూశామా? ఆ కాపలావాడు మాలోడనో మాదిగోడనో ఒక్క ముక్క చెప్పి, ఆ తర్వాత నవ్వించమనండి చూద్దాం!

సినిమావాళ్లు చెప్పని ఆ ముక్క చెబితే కథ ఎలా నడుస్తుందో మిర్యాలగూడ చూపించింది. 2018 సెప్టెంబర్ 14. ప్రణయ్ మన కుర్రాడు. డబ్బూ పలుకుబడీ ఉన్న వ్యాపారి కూతుర్ని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. గర్భిణి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికొస్తుంటే ఆమె కళ్లముందే నరికేశారు. కిరాయి ఇచ్చి చంపించింది పిల్ల తండ్రేనని కేసు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తండ్రి తీర్పు రాకముందే, 2020లోనే చచ్చిపోయాడు. అతని మనసు కరగలేదు. ఆ అమ్మాయి సినిమాలో పిల్లలా నోరు మూసుకోలేదు, న్యాయం కావాలని నిలబడింది.

అసలు సినిమా హాల్లో మన పక్కన కూర్చోవడమే వాళ్లకు కష్టం. చుండూరు మర్చిపోయామా? అక్కడ గొడవకు నిప్పు రాజుకుంది హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు తగిలిందన్న మాట దగ్గరే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. కాలు తగిలితేనే అంత పని చేసినవాళ్లు పిల్లనిస్తారా?

నమ్మినబంటు సంగతీ చూద్దాం. 2022 మే నెలలో కాకినాడలో ఒక ఎమ్మెల్సీ దగ్గర డ్రైవరుగా చేసిన దళిత యువకుడి శవం ఆ ఎమ్మెల్సీ కారులోనే ఇంటికొచ్చింది. మే 23న ఎమ్మెల్సీని అరెస్టు చేశారు. నేరం తేల్చాల్సింది కోర్టు. కానీ పెద్దల కార్లు తోలే, పెద్దల వెనక తిరిగే మన పిల్లలకు ఆ శవం చెప్పే సంగతి వేరే ఉంది.

ఆ మర్నాడే, మే 24న, మన అమలాపురం తగలబడింది. ఎందుకు? కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టొద్దని! మంత్రి విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు కాల్చారు. బోర్డు మీద బాబాసాహెబ్ పేరు చదవలేనివాళ్లు పెళ్లి శుభలేఖ మీద మన పేరు అచ్చేయిస్తారా? పేరు నిలిచింది. వాళ్ల కడుపుమంటా నిలిచే ఉంది.

మన గోదారి, మన కొబ్బరితోట, మన పడవ అన్నీ సినిమాకు పనికొస్తాయి. ఆ తోటలో చెట్టెక్కేవాడి పేట ఒక్కటే పనికిరాదు.

నౌకరు కథ మన నేల మీద ఇంకోలా కూడా పుట్టింది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశాడు. అందులో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. పశువుల దగ్గరి పిల్లల్ని బడికి పంపించిన నాటకం అది. భీమన్న పాలేరు పాలేరుతనం వదిలేశాడు. బాడీగార్డు ఆఖరి రీలు దాకా చేతులు కట్టుకునే ఉన్నాడు. మన పిల్లలకు ఏ కథ చెప్పాలో మనమే తేల్చుకోవాలి.

కులాంతర వివాహమే కులానికి అసలు మందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. ఆ మందు కామందు దయతో దొరకదు. మనం కాపాడుకోవాలి.

అందుకని కార్యకర్తలకు మా మాట. ఇద్దరు ఇష్టపడ్డామని మీ దగ్గరికొస్తే సినిమా కబుర్లు చెప్పకండి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి ముప్పై రోజుల నోటీసు ఆఫీసులో అంటిస్తారు. ఆ ముప్పై రోజులే ప్రమాదం. ముందే ఎస్పీ ఆఫీసులో రాతమూలకంగా రక్షణ అడగండి, కాగితం అందినట్టు సంతకం తీసుకోండి. ఇలాంటి జంటలకు పోలీసులు రక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది, 2018లో మళ్లీ గట్టిగా చెప్పింది. బెదిరింపు వస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. అన్నిటికన్నా ముందు, ఆ పిల్ల మాట ఏమిటో ఆమె నోటితోనే వినండి. తన పెళ్లి తనిష్టం. తండ్రి ఇచ్చేది కాదు, మనం తెచ్చేదీ కాదు.

మాల మాదిగల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి వెనకాడే మనలోని చిన్న కామందునీ ఈ పూటే దించేద్దాం. అప్పుడు నవ్వుదాం, హాయిగా నవ్వుదాం.

జై భీమ్!