వంతు లేకపోతే గొంతున్నవాళ్ళదే ఆట

"ఆటే కదా, ఎవరు ముందు ఆడితే ఏం?" అని మన ఇళ్ళలో చాలా తేలిగ్గా అనేస్తాం. ఆ మాట నేను ఒప్పుకోను. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో చెప్పే నియమమే ఆటలో సగం.

ఈ వేసవి సెలవులకి మా ఆడపడుచు కొడుకు హైదరాబాద్ నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ పట్టుకొచ్చాడు. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఇది ఫోన్‌లో ఆడేది కాదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. కాగితాలు, పాచికలు ఉంటే చాలు. అమెరికాలో 1974లో మొదలైన ఆట. కథలో యుద్ధం వచ్చేదాకా అంతా బాగానే ఉంటుంది. యుద్ధం రాగానే ముందు ఎవరు కొట్టాలి అన్న తగువు మొదలు. దానికి ఇలాంటి ఆటల్లో ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. అడవి దారిలో తోడేళ్ళు మీద పడే ఒకే యుద్ధాన్ని పిల్లలు నాలుగు పద్ధతుల్లో ఆడారు. పక్కనే కూర్చుని నేను చూసింది ఇది.

మొదటిది డంజన్స్ అండ్ డ్రాగన్స్ సొంత పద్ధతి. ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్ర చురుకుదనాన్ని దానికి కలపాలి. ఎక్కువ వచ్చినవాళ్ళు ముందు. యుద్ధం అయ్యేదాకా అదే వరుస. వంతు ఖాయం, అది మంచిదే. కానీ మొదట్లో చివరన పడ్డవాళ్ళు ప్రతి రౌండ్‌లోనూ చివరే. మా చిన్నదాని దాకా వచ్చేసరికి తోడేళ్ళే మిగల్లేదు.

రెండోది, అసలు వంతులే లేని పద్ధతి. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ ఇలా నడుస్తుంది. మాటల్లో మాటగా ఎవరేం చేస్తున్నారో చెప్పుకుంటూ పోవడమే. అందర్నీ కలుపుకుపోవాల్సిన బాధ్యత కథ నడిపేవాళ్ళది. పెద్దపిల్లలకి ఇదే నచ్చింది. "సినిమాలా సాగిపోతుంది అత్తా" అన్నాడు. సాగింది, వాళ్ళకి. పదేళ్ళ మా చిన్నది మూడుసార్లు నోరు తెరిచి మూసుకుంది. దాన్ని ఎవరూ ఆపలేదు, అలాగని ఎవరూ అడగనూ లేదు. దీన్నే స్వేచ్ఛ అంటున్నారు. గొంతున్నవాళ్ళకి మాత్రమే పనికొచ్చే స్వేచ్ఛ.

మూడోది 2012 నాటి మార్వెల్ హీరోయిక్ ఆటది. ఆడినవాళ్ళే తర్వాత ఎవరో చెప్పాలి. అందరికీ ఒక వంతు వచ్చి తీరుతుంది. చివర ఆడినవాళ్ళు తర్వాతి రౌండ్ ఎవరితో మొదలవ్వాలో చెప్తారు, తమ పేరే చెప్పుకోవచ్చు కూడా. మగపిల్లలు ఒకరి పేరు ఒకరు చెప్పుకున్నారు, చిన్నది చివర మిగిలింది. ఇప్పుడు అధికారం దాని చేతిలో ఉంది. అదేం చేసింది? "అన్నయ్యా, నువ్వాడు" అంది. ఎక్కడ నేర్చుకుందో మనకి తెలియదా! అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలింది తినే ఇళ్ళలోనే కదా మన ఆడపిల్లలు పెరుగుతున్నది.

నాలుగోది సావేజ్ వరల్డ్స్ పద్ధతి. మామూలు పేకముక్కలే. ప్రతి రౌండ్‌కీ తలా ఒక ముక్క. ఆసు ముందు, రెండు చివర. జోకర్ వస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆడొచ్చు. వంతు ఖాయం, వరుస మాత్రం ప్రతిసారీ కొత్తది. చిన్నదానికి రాజు పడింది. ఎవర్నీ అడక్కుండా, ఎవరి దయా లేకుండా అందరికంటే ముందు బాణం వేసింది.

"మరి చురుకైనవాడి చురుకుకి విలువేది?" అన్నారు పెద్దపిల్లలు. దానికీ ఆ ఆటలోనే దారుంది. చురుకైన పాత్రకి అయిదు గానీ అంతకంటే చిన్నది గానీ పడితే, ఆ ముక్క మార్చుకోవచ్చు. ప్రతిభకి చోటుంది, దబాయింపుకి లేదు. "లెక్కలతో ఆట ఆగిపోతుంది" అన్నది ఇంకో వాదన. నాలుగు ముక్కలు పంచడానికి పట్టే టైమ్ కంటే, నేను ముందంటే నేను ముందని వాళ్ళు అరుచుకున్న టైమే ఎక్కువ.

ఇదేం విదేశీ నీతి కాదు. అష్టాచమ్మాలో వంతు చుట్టూ తిరుగుతుంది. నాలుగో ఎనిమిదో పడితే మళ్ళీ వేస్తాం. అది గవ్వలు ఇచ్చిన వంతు, అరిచి తీసుకున్నది కాదు. మన ఇల్లందు సింగరేణి ఊరు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ అందరికీ మారుతూ వస్తాయి. గట్టిగా మాట్లాడేవాడికి ఎప్పుడూ పగటి షిఫ్టే అంటే ఏ కార్మికుడైనా ఊరుకుంటాడా? బాయి దగ్గర ఒప్పుకోనిది ఇంట్లో పిల్లల మధ్య ఎందుకు ఒప్పుకోవాలి?

కాబట్టి అమ్మలకి నేను చెప్పేది ఒకటే. మీ ఇంట్లో పిల్లలు ఏ ఆటకి కూర్చున్నా, మొదలుపెట్టకముందే వంతుల సంగతి తేల్చమనండి. "దానికి సిగ్గులే, అది మాట్లాడదు" అని ఆడపిల్ల మీద తోసెయ్యకండి. దానికి వంతు ఇచ్చి చూడండి, అప్పుడు తెలుస్తుంది అది సిగ్గో, సందు దొరక్కపోవడమో. ఆ చేత్తోనే, ఈ రాత్రి ముందు ఎవరికి వడ్డించాలో కూడా పేకముక్కలు వేసి తేల్చండి. మీకూ ఒక ముక్క వేసుకోవడం మర్చిపోవద్దు.